సముద్రపు మంచులో ద్రాక్షతోటలు

నేను మద్యము ముట్టినవాడను గాను. అట్టివాడు ద్రాక్షసారాయము చేయు శాలలను చూడ నేల పోవలెనని పెద్దలు మీరు నన్నడుగవచ్చును. నేను ముప్పది యేండ్లు ద్రాక్ష పండించిన రైతును. హైదరాబాదునకు ఉత్తరమున, మేడ్చలు ప్రాంతమున, మాకు ఆరెకరముల అనాబ్-ఎ-షాహి తోట యుండెడిది. నగరము పెరిగి పెరిగి మా గట్టును తాకినది. 2007వ సంవత్సరమున తోట నరికించి భూమి నమ్మితిమి. అచ్చట నిప్పుడు ఇండ్లు లేచినవి. మరియొక దేశమున ద్రాక్షరైతు తన నేలమీద నెట్లు నిలిచియున్నాడో చూడవలెనను కోరిక నాకు నాటినుండియు కలదు.

మా పెద్దబ్బాయి అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాన్ హోసేలో ఉద్యోగి. 2023 సెప్టెంబరు కడపటి వారమున అతడు నన్ను తన కారులో ఉత్తరముగా సొనోమా జిల్లాకు తీసికొనిపోయెను. అచ్చటివారు ద్రాక్షసారాయమును వైను అనియు, దానిని చేయు శాలను వైనరీ యనియు నందురు. మేము బయలుదేరునప్పుడు మంచి యెండ. గోల్డెన్ గేట్ వంతెన చేరుసరికి దాని యెర్రని స్తంభముల మొదళ్లు మాత్రమే కనబడెను. పైభాగమంతయు పొగమంచులో మునిగియుండెను. ముందు చలి యింకను హెచ్చునని అబ్బాయి శాలువ చేతికిచ్చెను.

ఈ మంచే ఆ సీమకు జీవము. పసిఫిక్ మహాసముద్రమున తీరము వెంబడి ఉత్తరమునుండి చల్లని ప్రవాహ మొకటి దిగివచ్చుచుండును. దానికి తోడు వాయవ్యపుగాలి పైనీటిని తీరమునుండి త్రోసివేయగా అడుగునున్న శీతలజలము పైకి వచ్చును. అందుచేత నడివేసవిలో సైతము ఆ నీరు చేయి పెట్టనీయదు. తేమగాలి దానిమీదుగా వచ్చునప్పుడు చల్లబడి పొగమంచగును. పగలు లోతట్టు నేల కాగి, అచ్చటి గాలి తేలికయై పైకి లేచును. ఆ వెలితిని నింపుటకై సముద్రపుగాలి మంచును వెంటబెట్టుకొని కొండల సందుల గుండ లోనికి చొచ్చును. పెటలూమా సందు, రష్యన్ నది లోయ దానికి పెద్ద ద్వారములు. సాయంకాలము వచ్చిన మంచు మరునాడు పొద్దెక్కిన దాక తరచుగా కదలదు.

చలిని కోరుకొను ద్రాక్షరైతును నేనంతకు ముందు చూచియుండలేదు. మా తోటలో తీపి యెక్కినదా, లేదా యనునదే ప్రశ్న. వీరికి తీపి త్వరగా నెక్కుటయే భయము. ఇచ్చట ముఖ్యముగా పెంచునవి పినో న్వార్ అను నల్లద్రాక్ష, షార్డొనే అను తెల్లద్రాక్ష. పినో న్వార్ తోలు మిక్కిలి పలుచన. వేడిసీమలో దీనికి తీపి ముందు పరుగెత్తును; పులుపు పడిపోవును; వాసన కుదరదు. రాత్రులు చల్లగా నున్నచో పులుపు నిలుచును, కాయ నెమ్మదిగా పక్వమగును. ఆ యేడు చలి మరింత హెచ్చి, కోతలు ఆలస్యమైనవి.

మేము చూచిన మొదటి తోట యజమాని డెబ్బదియేండ్ల వృద్ధుడు. నేనును ద్రాక్షరైతునని అబ్బాయి చెప్పగానే ఆయన వైనుశాలను విడిచి నన్ను నేరుగా సాలులోనికి నడిపించెను. మనవలె రాతికడీలు, పందిళ్లు లేవు. నిలువు కంబములకు తీగెలు లాగి, మొక్కను గోడవలె పెంచుదురు. చలికాలమున ఆకు రాలి తీగ నిదురించును. అప్పుడొక్కమారు కొమ్మలు కత్తిరింతురు. మన తీగకు నిదురయే లేదనియు, వేసవిలో నొకమారు, అక్టోబరులో నొకమారు కత్తిరించి దానిని మేల్కొల్పుదుమనియు చెప్పగా ఆయన నమ్మలేకపోయెను. ఎకరమున కెంత దింపితివని యడిగెను. మంచి యేడు పదునైదు టన్నులంటిని. ఆయన టోపి తీసి నన్నెగాదిగ చూచెను. తనకు రెండు, మహా యైన మూడు!

అంత తక్కువ వచ్చుట చేతగాక కాదు. కాయ రంగు తిరుగునప్పుడు వెనుకబడిన గుత్తులను కోసి నేల పారవేయుదురు. మేమును గుత్తులు పలుచన చేసెడివారమే. అయినను, పెరిగిన కాయను చేజేతుల మట్టిపాలు చేయుట చూచి నా కడుపు తరుగుకొనిపోయినది. ఆ మిగిలిన కాయకు టన్నుకు వేల డాలర్లు పలుకుననుట వేరుమాట.

ఆ రెండు టన్నులైన చేతికి వచ్చునను నమ్మకము లేదు. వసంతమున చిగురు వేసిన పిదప ఒక్క రాత్రి మంచుగడ్డ కట్టిన చాలు, పంట పోవును. అట్టి రాత్రులలో కొందరు చిగుళ్లపై నీరు చల్లుచుందురు. నీరు గడ్డకట్టునప్పుడు వెలువడు వేడి చిగురును కాపాడును. నడుమ మోటారు ఆగెనా, నష్టము రెట్టింపగును. 2020 ఆగస్టులో అడవులు తగులబడి ఆ పొగ తోటలపై నిలిచెను. కాయ కంటికి చక్కగనే యున్నది. గాని పొగలోని పదార్థములు కాయలో జొచ్చినచో, తోలుతో కలిపి పులియబెట్టునప్పుడు వైనులో బూడిదరుచి తేలును. ఆ యేడు తాను ఒక్క బుట్టయైన కోయలేదని ఆయన చెప్పెను.

వైనరీలను గూర్చి చెప్పవలసినది కొంచెమే. చిన్నశాలలకు ముందుగా వేళ నిర్ణయించుకొని పోవలెను. రుచి చూచుటకు రుసుము కలదు. చిన్న రైతు సీసాలను వర్తకునికి గాక వచ్చినవారికే యమ్మి బ్రదుకుచున్నాడు. మర్యాదస్థులు గుక్కెడు పుక్కిలించి పాత్రలో నుమియుదురు. ఎవరును దానిని తప్పుగా నెంచరు. నా ముందు పెట్టిన గ్లాసును వాసన చూచి మా వానికిచ్చితిని. కారు తోలవలసినవాడు గనుక వాడును ఉమిసెను. 1992లో సారాపై తిరుగబడిన మన దూబగుంట స్త్రీలు ఆ పాత్రను చూచిన నేమందురో!

మరునాడు తీరమునందలి ఫోర్ట్ రాస్‌నకు పోతిమి. 1812లో రష్యావారు కట్టిన కోట యది. 1817లో అచ్చట ద్రాక్ష నాటిరి. కోట దగ్గర మంచు కమ్మియుండెను. వెనుకనున్న కొండపైకి తొమ్మిదివందల యడుగులు దాటి యెక్కగా ఒక్కసారిగా ఎండ కాసెను. క్రింద తెల్లని మంచు సముద్రమువలె పరచుకొన్నది, పైన ద్రాక్షతోటలు. సముద్రపు చల్లదనమును, సూర్యుని వెలుగును రెండును దక్కించుకొనుటకై వారు సరిగా ఆ యెత్తును వెదకి పట్టుకొనిరి.

తిరుగుదారిలో ఆ వృద్ధుని మరల కలిసికొని, నా మనసులోని ప్రశ్న నడిగితిని. శాన్ ఫ్రాన్సిస్కో ఇంత దగ్గరనుండగా ఈ నేల ఇండ్లపాలు గాకుండ నెట్లున్నది? ఆయన చెప్పిన సమాధానమిది. 1990లో ఆ జిల్లా ప్రజలు ఓటు వేసి, అమ్మకపు పన్నుపై డాలరునకు పావు సెంటు తమంతట తాము హెచ్చించుకొని, పొలములను కాపాడుట కొక సంస్థను నిలిపిరి. ఆ సంస్థ ముఖ్యముగా భూమిని గాక, దానిపై ఇండ్లు కట్టు హక్కును రైతునుండి వెలయిచ్చి కొనును. భూమి రైతుదే. పండించవచ్చును, అమ్మవచ్చును, కొన్నవాడును కట్టడములు లేపరాదు. జిల్లాలోని పొలములన్నియు ఇట్లు చేరినవి కావు, చేరుమని బలవంతమును లేదు. తన ముప్పదియెకరములను ఆయన చేర్చెను. కుమారుడు మొదట కోపించెనట. ఇప్పుడు వాడే కొమ్మలు కత్తిరించుచున్నాడట.

అటుపిమ్మట ఆయన నన్నడిగెను: నీ తోటలో నేమి మిగిలినది? పందిరి రాతికడీలు రెండు, మా యింటి వాకిట, గేటునకు చెరియొక ప్రక్కను పాతియున్నవని చెప్పితిని.