మెట్టకూ డెల్టాకూ నడుమ పెద్దాపురం

పెద్దాపురానికి రైలు లేదు. 1890ల్లో మద్రాసు నుంచి కలకత్తా వైపు వేసిన లైను పక్కనున్న సామర్లకోట మీదుగా పోయింది. గోదావరి కాలువా అక్కడికే చేరింది. సరుకు ఎగుమతి దిగుమతులు సహజంగానే అటు మళ్లాయి. ఇలాంటి దెబ్బకు చాలా ఊళ్లు చిక్కిపోతాయి. పెద్దాపురం చిక్కలేదంటే కారణం అది ఉన్న చోటే.

దక్షిణాన కాలువ నీటి వరిచేలు. పైకి రంగంపేట, జగ్గంపేట వైపు వెళితే ఎక్కువగా వాన మీదా బోరు మీదా బతికే మెట్ట. రెంటికీ అంచున ఈ ఊరు. మెట్ట రైతు పండించే కర్రపెండలాన్నే చూడండి. తవ్విన రెండు మూడు రోజుల్లోనే దుంప లోపల నల్లబడుతుంది. ధాన్యంలా పురి కట్టి, ధర పెరిగేదాకా ఆగుదామంటే కుదరదు. అందుకే సగ్గుబియ్యం మిల్లులు ఈ చుట్టుపక్కలే వెలిశాయి. తొక్క తీసి, కడిగి, మెత్తగా రుబ్బి, వడకట్టిన పాలను తొట్లలో తేరనిస్తారు. అడుగున పేరుకున్న పిండిని పూసలు కట్టించి, వేయించి, ఎండబెడతారు. మన పాయసంలో మెరిసే సగ్గుబియ్యం వెనక ఇంత హడావుడి ఉంది. బేరంలో మాత్రం తొందర రైతుది, తీరిక కొనేవాడిది.

ఇంగ్లండులో పూర్వం సంత పెట్టుకునే హక్కు చాలా ఊళ్లకు రాజుగారి సనదుతో వచ్చేది. ఇక్కడ అంగడికి అండ పెద్దాపురం సంస్థానాన్ని ఏలిన వత్సవాయి వారి కోట. కోట ఉంటే నేతగాడికీ కంసాలికీ పని, కవికి ఆదరణ. భర్తృహరిని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి ఈ సంస్థానం నీడనే ఉన్నాడు. ఆ వంశపు రాణీ బుచ్చి సీతాయమ్మ పేరు సత్రానికీ కాలేజీకీ నిలిచింది. జమీ పోయాక కచేరీలు వచ్చాయి, 1915లో మునిసిపాలిటీ ఏర్పడింది. రెవెన్యూ డివిజను కేంద్రం కావడంతో భూమి తగాదా ఉన్న ప్రతివాడూ ఇక్కడికి రావలసిందే. వచ్చినవాడు ఒట్టి చేతులతో వెళ్లడు కదా!

ఇక ఊరి అమ్మవారు మరిడమ్మ జాతర. జ్యేష్ఠ అమావాస్యకు మొదలై ఆషాఢమంతా సాగుతుంది. గరగలు, డప్పులు, వేపమండలు, జీళ్ల దుకాణాలు. ఆషాఢంలో పెళ్లి ముహూర్తాలుండవు, బట్టల కొట్లూ బంగారం కొట్లూ ఈగలు తోలుకోవాలి. పెద్దాపురం వర్తకుడికి ఆ లోటు అమ్మవారే తీరుస్తుంది.