చిన్న రైలుకు పెద్ద వెల ఎందుకు?

నమూనా రైళ్ళను నడపుట అమెరికా, ఐరోపా దేశములలో పిల్లల ఆట మాత్రమే కాదు. పెద్దలు కూడ ఏండ్ల తరబడి శ్రద్ధతో సాగించు వ్యాసంగము. బల్లపై పట్టాలు పరచి, స్టేషను, వంతెన, సొరంగము నిర్మించి, విద్యుత్తుతో చిన్న రైలును నడపుదురు. వీరిలో చాలమందికి ఏదో ఒక రైలు చాలదు. తమ ఊరి మీదుగా ఒకప్పుడు నడచిన ఫలానా కంపెనీ రైలే కావలెను. కాని అట్టి నమూనా సిద్ధరూపములో, సామాన్యుడు కొనగల వెలకు దొరకుట అరుదు. ఇందుకు ముఖ్యకారణము అచ్చుల ఖర్చు.

ముందుగా కొలతలు చూతము. అమెరికాలో ఎక్కువ వాడుకలోనున్న కొలతకు ‘హెచ్.ఓ.’ అని పేరు. ఇందులో ప్రతి వస్తువు అసలు పొడవులో 87వ వంతు ఉండును. అక్కడి రైలు పట్టాల మధ్య దూరము 1435 మిల్లీమీటర్లు. దీనిని 87 చేత భాగించిన సుమారు 16.5 మి.మీ. వచ్చును. ఇంత చిన్న ఇంజనుపై గొట్టములు, నిచ్చెనలు, మేకుల తలలు కూడ స్పష్టముగా కనబడవలెను.

ఇట్టి నమూనాల పైభాగములను సాధారణముగా ప్లాస్టిక్కుతో పోతపోయుదురు. కరగిన ప్లాస్టిక్కును ఉక్కు అచ్చులోనికి గట్టి ఒత్తిడితో పంపుదురు. అది చల్లారిన పిమ్మట అచ్చు తెరచిన వస్తువు బయటకు వచ్చును. ఒక్కొక్క వస్తువునకు పట్టు ప్లాస్టిక్కు వెల స్వల్పము. అచ్చు చెక్కుటకే పెద్ద మొత్తము కావలెను. ఒకటి పోసినను, పదివేలు పోసినను ఆ మొత్తము మారదు.

ఉదాహరణకు అచ్చులకు 1,00,000 డాలర్లు, ఒక్కొక్క నమూనాకు మోటారు, రంగు, కూలి కలిపి 60 డాలర్లు అగుననుకొందము. 10,000 నమూనాలు అమ్ముడైన ఒక్కొక్కదానిపై అచ్చు ఖర్చు 10 డాలర్లు, మొత్తము 70. వేయి మాత్రమే అమ్ముడైన 160. అయిదువందలే అయిన 260 డాలర్లు. దుకాణదారుని లాభము ఇంకను కలుపవలెను. కొనువారు తగ్గినకొలది వెల పెరుగును. వెల పెరిగినకొలది కొనువారు తగ్గుదురు.

అన్ని కంపెనీల ఇంజనులు ఒకేరీతిగా ఉండిన ఈ చిక్కు ఉండదు. కాని ఆవిరి యుగములో అమెరికా కంపెనీలు తమతమ బొగ్గునకు, కొండలకు తగినట్లు ఇంజనులను చేయించుకొన్నవి. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి ‘కె-4-ఎస్’ ఇంజనులు 1914 నుండి 1928 వరకు 425 తయారైనవి. వాటిలో నిప్పు మండు పెట్టె పైభాగము చదునుగా, భుజములు దీర్చినట్లుండును. తక్కిన పెక్కు కంపెనీల ఇంజనులలో అది గుండ్రన. కనుక ఈ అచ్చులో పోసిన నమూనాపై వేరొక కంపెనీ పేరు వ్రాసిన, తెలిసినవారు వెంటనే తప్పు పట్టుదురు.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున అమెరికా ప్రభుత్వము రైళ్ళను తన ఆధీనములోనికి తీసికొని కొన్ని ప్రామాణిక ఇంజనులను రూపొందించినది. అవి అనేక కంపెనీలకు చేరినవి. అట్లే 1949 నుండి 1953 వరకు తయారైన ‘ఎఫ్-7’ డీజిలు ఇంజనును చాల కంపెనీలు కొన్నవి. ఇట్టివాటికి ఒక్క అచ్చు చాలును. రంగులు, పేర్లు మార్చి అమ్మవచ్చును. అందుచేతనే ఇవి చౌకగా లభించును. ఒక్కొక్కప్పుడు తయారీదారులు ఆకారము సరిపడకున్నను రంగు మాత్రము మార్చి అమ్ముటయు కలదు.

ఈ కొరత తీర్చుటకు పలు మార్గములు వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధానంతరము జపానులోను, తరువాత కొరియాలోను ఇత్తడి రేకులతో చేతిపనిగా నమూనాలు చేసి అమెరికాకు పంపిరి. అవి కచ్చితమైనవే కాని మిక్కిలి ఖరీదు. రబ్బరు అచ్చులలో రెజిన్ పోసిన ఖర్చు తగ్గును. కాని అట్టి అచ్చు కొన్ని పదుల పోతలకే అరిగిపోవును. నేడు త్రిమితీయ ముద్రణ వచ్చినది. దీనికి అచ్చే అక్కరలేదు. కాని పొరల గీతలను నునుపు చేయుట, మోటారు అమర్చుట, రంగు వేయుట కొన్నవాని పనియే. కొందరు తయారీదారులు ముందుగా కోరికలు సేకరించి, చాలినంతమంది చేరిన పిమ్మటనే అచ్చు చెక్కింతురు.

మన దేశపు నమూనాలకు మరియొక చిక్కు కలదు. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ. దానిలో 87వ వంతు సుమారు 19.3 మి.మీ. సిద్ధముగా దొరకు హెచ్.ఓ. పట్టాలు 16.5 మి.మీ. మాత్రమే. మన ఇంజను నమూనాను వాటిపై నడపవలెనన్న చక్రముల మధ్య దూరమును దాదాపు 3 మి.మీ. తగ్గింపక తప్పదు.

ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ 1968లో వేరొక కంపెనీతో కలిసి తన పేరును కోల్పోయినది. దాని 425 కె-4-ఎస్ ఇంజనులలో నేడు మిగిలినవి రెండే. తక్కినవాటి రూపము ఫోటోలలోను, పటములలోను, ఇట్టి నమూనాలలోను మాత్రమే నిలిచియున్నది. కొనువారు కొలదిమందియే అయిన రైలుకు నమూనా రాదు. దాని రూపమును చేతితో త్రిప్పి చూచు అవకాశము తరువాతి తరమునకు ఉండదు.

సిద్ధముగా దొరకని నమూనాను చేసికొనుటకు పాఠశాల విద్యార్థికి గల సాధనములు కొలబద్ద, అట్ట, జిగురు. 14 మీటర్ల పెట్టె 87వ వంతున 161 మి.మీ. అగును. పొడవువలె వెడల్పును, ఎత్తును, కిటికీలను లెక్కించి అట్టపై గీచి కత్తిరించిన, నిష్పత్తి అను పాఠము చేతికి అందును. తన ఊరి రైలు బల్లపై నిలుచును.