సామూహిక భయం – శ్రీబాగ్ ఒడంబడిక

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని కలమల్ల గ్రామానికి తెలుగు భాషాచరిత్రలో విశిష్ట స్థానం ఉంది. అక్కడ లభించిన రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనాన్ని క్రీ.శ. 575 ప్రాంతపు తొలి తెలుగు శాసనంగా పండితులు పరిగణిస్తున్నారు. తెలుగు వాక్యం తొలిసారి శిలపై నిలిచిన ఆ సీమ ప్రజలే, పదమూడు శతాబ్దాల తరువాత, తెలుగువారందరికీ ఒకే రాష్ట్రమనే ఆలోచన పట్ల సంశయించారు. భాషాభిమానం లోపించడం దీనికి కారణం కాదు. దీనికి మూలం సామూహిక భయం.

వ్యక్తి భయం కారణం తొలగితే తొలగిపోతుంది. సమూహపు భయం జ్ఞాపకాలలో నిలిచి తరాలు దాటుతుంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ఈ ప్రాంతం ‘దత్తమండలం’ అనిపించుకుంది. 1876–78 నాటి మహాక్షామంలో తల్లడిల్లింది. గోదావరి, కృష్ణా ఆనకట్టల వల్ల అప్పటికే కోస్తా డెల్టాలు సస్యశ్యామలమయ్యాయి. విద్య, సంపద అటువైపే పెరిగాయి. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగి, ప్రత్యేక రాష్ట్ర వాంఛ బలపడినకొద్దీ, మదరాసు ఆధిపత్యం పోయి కోస్తా ఆధిపత్యం వస్తుందేమోనని సీమవాసులు శంకించారు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రం అనంతపురానికి దక్కకపోవడం ఆ శంకను దృఢపరచింది.

ఇటువంటి భయాన్ని నాయకులు రెండు విధాలుగా వినియోగించవచ్చు. మొదటిది ద్వేషంగా మార్చడం. సోషలిస్టు యుగోస్లావియాలో 1980లో టిటో మరణించిన తరువాత ఆర్థిక సంక్షోభం ముదిరింది, పాత వ్యవస్థపై విశ్వాసం సడలింది. సెర్బులు, క్రొయేట్లు, బోస్నియా ముస్లింలు మాట్లాడేది పరస్పరం అర్థమయ్యే భాషే. అయినా మిలొసెవిచ్, టుజ్‌మన్ వంటి జాతీయవాద నాయకులు పొరుగువారి వల్ల ముప్పుందనే భావనను పెంచి బలపడ్డారు. 1991లో దేశం చీలిపోయింది. 1995 జులైలో ఒక్క స్రెబ్రెనిత్సాలోనే ఎనిమిది వేలమందికి పైగా బోస్నియా ముస్లింలు హతులయ్యారు.

రెండవ విధం భయాన్ని గౌరవించి చర్చకు పెట్టడం. 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి గృహమైన శ్రీబాగ్‌లో కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య ప్రభృతులు ఒక ఒడంబడికకు వచ్చారు. అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం నెలకొల్పాలి. నదీజలాల వినియోగంలో పదేళ్లపాటు, అవసరమైతే ఆపైన కూడా, రాయలసీమ, నెల్లూరు జిల్లాలకు ప్రాధాన్యం ఉండాలి. రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాలో, మరొకటి సీమలో ఉండాలి. సీమవాసుల భయం ఈ విధంగా నిర్దిష్టమైన హామీల రూపం దాల్చింది.

ఆ మేరకు 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. కానీ 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించడంతో రెండూ హైదరాబాదుకు తరలాయి. 2014 విభజన తరువాత రాజధానితోపాటు, 2019 నుండి హైకోర్టు కూడా అమరావతిలోనే నెలకొన్నాయి. శ్రీబాగ్ మాట నేటికీ సీమలో వినిపించడానికి కారణమిదే. భయం నిజమైనదా, కల్పితమా అని వాదించడం వల్ల అది శమించదు. దానిని శమింపజేయగలిగేది ఇచ్చిన మాట నిలుపుకోవడమే. ఒకే భాష మాట్లాడేవారి నడుమ కూడా ఐక్యతకు ఆధారం పరస్పర విశ్వాసమేనని ఈ చరిత్ర తెలియజేస్తున్నది.