వర్ణమంటే తెలుపు కాదు: వైద్యగ్రంథాలలో మేనిఛాయ

గుఢియారీతో కూడిన నేటి రాయపూర్ నగరం, దానికి తూర్పున మహానది ఒడ్డున బౌద్ధవిహారాల శిథిలాలు బయల్పడిన సిర్పూర్, ప్రాచీన దక్షిణ కోసలంలోని భాగాలు. 7వ శతాబ్దంలో కోసలాన్ని గురించి రాసిన చైనా భిక్షువు హ్యుయాన్‌త్సాంగ్ ఇక్కడి ప్రజలు పొడగరులనీ, నల్లని మేనివారనీ పేర్కొన్నాడు. కృష్ణాతీరంలోని ధాన్యకటకం వారి ఛాయ పసుపు కలిసిన నలుపన్నాడు. నేల సారం, పంటలు చెప్పే వరుసలోనే మేనిరంగునూ చెప్పాడు. ఆ రంగును మెచ్చుకోనూ లేదు, తక్కువ చేయనూ లేదు.

ఆయుర్వేద సంహితలు కూడా మొదట ఈ చూపుతోనే మేనిని పరిశీలించాయి. నేడు ‘వర్ణ్యం’ అన్న మాట కనబడగానే ‘తెల్లబరచేది’ అని అర్థం చెప్పడం పరిపాటి అయింది. చందనం, వట్టివేరు, మంజిష్ఠ, సుగంధిపాల వంటి పది ద్రవ్యాలను చరకసంహిత వర్ణ్యగణంగా కూర్చింది. వర్ణానికి హితమైనవని మాత్రమే ఆ మాటకు అర్థం. ఏ వర్ణానికి? ఎవరి వర్ణం వారిది.

ఈ మాటకు ఆధారం ఇంద్రియస్థానం మొదటి అధ్యాయంలోనే ఉంది. రోగి ఆయుశ్శేషాన్ని అంచనా వేసే వైద్యుడు ముందుగా చూడవలసినది వర్ణం. కృష్ణం, శ్యామం, శ్యామావదాతం, అవదాతం అనే నాలుగింటినీ చరకుడు ప్రకృతివర్ణాలన్నాడు. నలుపు వాటిలో మొదటిది. నీలం, శ్యావం, తామ్రం, హరితం, శుక్లం వికారవర్ణాలు. అంటే సహజమైన గౌరవర్ణం ఆరోగ్యమే; లేని తెలుపు వచ్చి చేరితే అది రోగలక్షణం. ముఖంలో సగం ప్రకృతివర్ణంతో, సగం వికారవర్ణంతో కనబడితే దానిని అరిష్టంగా ఎంచాడు. వైద్యునికి కావలసింది రంగుల తారతమ్యం కాదు, నిన్నటి రంగుకూ నేటి రంగుకూ మధ్య వచ్చిన తేడా.

గౌరవర్ణంపై మక్కువ ఆ కాలంలో లేదని చెప్పలేము. తెల్లని పుత్రుని కోరే స్త్రీకి చరకుని శారీరస్థానంలో ప్రత్యేకమైన ఆహారవిధి ఉన్నది. అయితే శ్యామవర్ణుడైన కొడుకును గాని, నల్లని మేనితో తేజస్వి అయిన కొడుకును గాని కోరే తల్లి ప్రస్తావన కూడా అక్కడే వస్తుంది. ఆమెకూ హోమవిధి అదే, సంభారాల రంగు మాత్రమే మారుతుంది. ఈ రెండవ భాగాన్ని ఉదాహరించేవారు అరుదు.

సుశ్రుతసంహితకు ప్రతిసంస్కర్త నాగార్జునుడని వ్యాఖ్యాత డల్హణుడు అంటాడు. హ్యుయాన్‌త్సాంగ్ కోసల ప్రకరణంలో చెప్పిన నాగార్జునుడూ ఇతడూ ఒకరేనా అన్నది వేరే చర్చ. ఆ గ్రంథం ప్రకారం అన్ని వర్ణాలకూ మూలం తేజోధాతువు; గర్భోత్పత్తి వేళ దానితో జలం అధికమైతే గౌరవర్ణం, పృథివి అధికమైతే కృష్ణవర్ణం కలుగుతాయి. గర్భిణి తినే ఆహారపు రంగును బట్టి శిశువు రంగు ఉంటుందన్నది కొందరి మాట అని కూడా సుశ్రుతం చెబుతుంది. కుంకుమపువ్వు పాలు తాగించే నేటి పెద్దలు ఆ ‘కొందరి’ వైపు వారన్నమాట!

చర్మానికి ఏడు పొరలని సుశ్రుతుని లెక్క. పైది అవభాసిని, వడ్లగింజ మందంలో పద్దెనిమిదవ వంతు. సర్వవర్ణాలనూ ప్రకాశింపజేసేది అదే. బుద్ధఘోషుని విసుద్ధిమగ్గంలో ఈ చూపు మరింత నిక్కచ్చిగా సాగింది. నల్లనిదైనా, శ్యామమైనా, పచ్చనిదైనా, రంగుగల పైపొరను దేహమంతటి నుంచి ఒలిచి ఉండచేస్తే రేగుగింజంత అవుతుందనీ, దాని కింది చర్మం అందరిలోనూ తెల్లనిదేననీ ఆయన అంటాడు. కాయగతాసతి సాధనలో ఈ పోలికకున్న బలం భిక్షువులకు తెలిసినదే.

కిలాసం విషయంలో మాత్రం మాట పొరపాటు మనుషులకు తగులుతుంది. ఉపసంపద వేళ అభ్యర్థిని అడిగే ఐదు రోగాలలో కుష్ఠం ఒకటి, కిలాసం మరొకటి; వినయం రెంటినీ విడిగానే చెప్పింది. ఈ నియమానికి మహావగ్గం చూపే కారణం అశుచి కాదు. జీవకుని వైద్యం కోసమే కొందరు సంఘంలో చేరి, నయం కాగానే వెళ్ళిపోయారు. జీవకుడే బుద్ధునికి విన్నవించాడు. చరకుడు కిలాసాన్ని కుష్ఠాధ్యాయంలోనే చేర్చి, అసత్యం, కృతఘ్నత, పూర్వకర్మలను కూడా దాని హేతువులలో లెక్కించాడు. రోగి మీద నిందను మోపిన ఈ భాగాన్ని దాచి అనువదించడం తగదు, సమర్థించడమూ తగదు. సుశ్రుతుడు ఇంకొంత స్పష్టంగా, కిలాసం చర్మానికే పరిమితమనీ, స్రావం లేనిదనీ కుష్ఠం నుంచి వేరు చేశాడు. అది అంటువ్యాధి కాదని నేటి వైద్యమూ చెబుతున్నది. దానికి వాడే బావంచాలలోని సోరలెన్ ఎండతో కలిసి పనిచేస్తుంది. మోతాదు మించితే చర్మం బొబ్బలెక్కుతుంది కనుక వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

కిలాసానికి తెలుగులో ‘బొల్లి’ అన్న మాట ఉండనే ఉన్నది. వినయపాఠాన్ని వివరించేటప్పుడు కుష్ఠమనకుండా ఆ మాటనే వాడవచ్చు.