కుట్లు మానాలంటే షుగర్ దిగాలి

లాల్‌దర్వాజ సందులో ఓ ఇల్లనుకోండి. కోడలికి సిజేరియనైంది. ఐదో రోజున పాపతో ఇంటికొచ్చింది. పక్కింటి ఖాలా బాదం, గసగసాలు, నెయ్యి, దండిగా చక్కెర వేసి గిన్నెనిండా హరీరా పంపింది. ఏడో రోజున కుట్ల దగ్గర చీరకు తడి అంటింది. "ఏం గాదు బిడ్డా, పచ్చి గాయం గదా, జర పసుపు పెడితే ఎండుతది" అంది అత్త. తొమ్మిదో రోజుకు జ్వరం. పదో రోజుకు కుట్లు విచ్చుకున్నాయి. తల్లి మళ్ళీ ఆసుపత్రిలో, పాలకోసం ఏడ్చే పాప ఇంట్లో!

ఆ కోడలు కడుపుతో ఉన్నప్పుడు షుగర్‌కు ఇన్సులిన్ తీసుకున్న మనిషే. కాన్పుతో అది పోయిందనుకున్నారు గానీ పరీక్ష చేయించలేదు. ఇక్కడ ఎవరి ప్రేమకూ లోటు లేదు. ఆపరేషన్ అయిపోయింది గనక గండం గడిచిందనుకోవడమే పొరపాటు.

పాతబస్తీలోనే కాదు, ఇప్పుడు ఏ ఇంట చూసినా సిజేరియన్ మాటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు కోతతోనే జరిగాయి. వాళ్ళలో షుగర్ ఉన్న తల్లులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

చక్కెరకూ గాయానికీ ఏం సంబంధం?

బయటికి కనిపించేది జానెడు గీతే. లోపల గర్భసంచి, దానిమీది గట్టి పొర, కొవ్వు, చర్మం... ఇవన్నీ అతుక్కోవాలి. రక్తంలో చక్కెర ఎక్కువైతే, సూక్ష్మక్రిములతో పోరాడే తెల్లకణాలు మందకొడిగా పనిచేస్తాయి. గాయాన్ని అతికే కొత్త కణజాలమూ ఆలస్యంగా పుడుతుంది. దారం ఎంత గట్టిదైనా అది కొన్నాళ్ళు పట్టి ఉంచుతుందంతే. అతికించుకోవాల్సింది మన ఒళ్ళే!

అందుకే జాగ్రత్త కాన్పుకు చాలా ముందే మొదలవ్వాలి. గర్భిణి మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడూ, మళ్ళీ 24-28 వారాల మధ్యా 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం పరీక్షిస్తారు. 140 లేదా అంతకు మించితే షుగర్ ఉన్నట్టే. పేట్లబుర్జులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి వంటి చోట్ల చూపించుకునేవారు ఈ పరీక్ష చీటీని చివరిదాకా భద్రంగా దాచుకోవాలి.

థియేటర్లో ఏం చేస్తారు?

కోత పెట్టకముందే యాంటీబయాటిక్ సూదిమందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కోసే సమయానికే మందు రక్తంలో ఉండాలన్నది ఉద్దేశం. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ కలిసిన స్పిరిట్ మందుతో శుభ్రం చేస్తారు. కొవ్వు పొర రెండు సెంటీమీటర్లకు మించితే దాన్ని విడిగా కుడతారు. లేకపోతే ఆ ఖాళీలో నీరు చేరి చీము పట్టే అవకాశముంది. చర్మానికి లోహపు పిన్నులకన్నా దారం కుట్లు వేసినప్పుడు గాయం విచ్చుకోవడం తక్కువని పరిశోధనలు తేల్చాయి.

ఇందులో మన చేతిలోనూ ఒక పని ఉంది. ముందురోజు ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు తీసుకోకండి. కంటికి కనబడని గాట్లు పడి, క్రిములు అక్కడే కాపురం పెడతాయి. అవసరమైతే ఆసుపత్రివారే క్లిప్పర్‌తో కత్తిరిస్తారు.

ఇంటికొచ్చాకే అసలు పరీక్ష

కుట్లకు చీము పట్టడమన్నది చాలామందిలో ఇంటికొచ్చాకే బయటపడుతుంది. నెలరోజుల దాకా కనిపెట్టి ఉండాలి.

* డాక్టరు కట్టు తీశాక గాయాన్ని మామూలు నీటితో మెల్లగా కడిగి, శుభ్రమైన మెత్తటి గుడ్డతో అద్దండి. రుద్దొద్దు.
* పొట్ట మడత కింద చెమ్మ నిలవనీయకండి. వదులైన నూలు బట్టలు కట్టుకోండి.
* పసుపు, కొబ్బరినూనె, బూడిద, ఆకు పసర్లు... ఏవీ కుట్లమీద వేయొద్దు.
* గాయాన్ని ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు వైద్యుల చేత చేతులు కడిగిస్తేనే బాలింత జ్వరంతో పోయేవారి సంఖ్య బాగా తగ్గింది.
* బాలింతకు నీళ్ళు తక్కువ ఇవ్వాలన్న పాత పట్టింపు వదిలేయండి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ.

హరీరా మాటేమిటంటారా? ఖాలా మనసు నొప్పించక్కర్లేదు. "చక్కెర, బెల్లం వేయకుండా కొంచెం చేసి పంపండి" అని చెబితే సరి. కాయం, నెయ్యి లడ్డూలకూ ఇదే సూత్రం. పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూరలు గాయం మానడానికి బలమిస్తాయి.

షుగర్ పోయిందా, ఉందా?

గర్భంతో వచ్చిన షుగర్ చాలామందికి కాన్పు కాగానే దిగిపోతుంది. ముందునుంచీ ఉన్నవారికి ఉంటుంది గానీ, ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గుతుంది. పాత మోతాదే వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. భయపడి మానేస్తే గాయానికి చేటు. అందుకే ఆసుపత్రి నుంచి కదిలేముందు మూడు ప్రశ్నలు అడగండి: మందు ఇకపై ఎంత? షుగర్ ఎన్నాళ్ళకోసారి చూపించాలి? కుట్లు చూపించడానికి ఎప్పుడు రావాలి?

ఇన్సులిన్ తీసుకుంటూ నిశ్చింతగా పాలివ్వచ్చు. ఆరు వారాలకు మళ్ళీ 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలి. షుగర్ లేదని తేలినా తర్వాత్తర్వాత వచ్చే అవకాశం ఉంది గనక అప్పుడప్పుడూ పరీక్ష మానొద్దు.

ఆగకూడని ఘడియ

కుట్ల చుట్టూ ఎరుపు పాకుతున్నా, వాపు, వేడి, రోజురోజుకీ పెరిగే నొప్పి ఉన్నా, చీమో దుర్వాసనో కనిపించినా, కుట్లు విచ్చుకున్నా, జ్వరం 100.4 దాటినా... ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. మొదట్లోనే చూపిస్తే తరచు మందులతో, కట్లతో పోతుంది. ఆలస్యమైతే గాయం తెరిచి శుభ్రం చేయాల్సి రావచ్చు.

పాప వంక చూసేవాళ్ళు ఇంటినిండా ఉంటారు. రోజుకోసారి తల్లి కుట్లవంక చూసే మనిషి ఒక్కరుంటే చాలు. అత్తగారూ, ఆ ఒక్కరూ మీరే ఎందుకు కాకూడదు?