బల్ల కింద ఆరంగుళాలు

లారీ టైరు మార్చేటప్పుడు ఇరుసు కింద పెట్టే హైడ్రాలిక్ జాకీ ఎలా పనిచేస్తుందో, నడవలేని మనిషిని కుర్చీలోంచి ఎత్తే పేషెంట్ లిఫ్టూ అలాగే పనిచేస్తుంది. పిడిని ఆడిస్తుంటే చిన్న పిస్టన్ నూనెను పెద్ద పిస్టన్ కిందికి నెడుతుంది. చేతికి పడే శ్రమ కొంచెమే, పైకి లేచేది మాత్రం నిండు మనిషి. దించడానికి వాల్వు కాస్త వదులు చేస్తే చాలు, ఆ మనిషి బరువుకే నూనె మెల్లగా వెనక్కి పోతుంది.

అమెరికాలో ఇప్పటికీ చాలామంది దీన్ని హోయర్ లిఫ్ట్ అనే పిలుస్తారు. టెడ్ హోయర్‌ది విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్. కారు ప్రమాదంలో ఆయనకు కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. 1940లలో ఆయన తన అవసరం కోసం ఈ యంత్రానికి రూపమిచ్చాడు. రోజూ ఇంకొకరి చేతుల మీద లేవాల్సిన మనిషి ఆలోచన ఇది. దీని గురించి చెప్పేటప్పుడు నేను మొదట చెప్పేది ఆ సంగతే.

వాడే తీరు చూడండి. కుర్చీలో ఉన్న మనిషిని కొంచెం ముందుకు వంచి, గట్టి గుడ్డతో కుట్టిన స్లింగును వీపు వెనక నుంచి నడుము కిందిదాకా దించుతారు. రెండు పట్టీలను తొడల కిందుగా తెచ్చి, కాళ్ల మధ్య ఒకదాని మీదుగా ఒకటి దాటించి, పైనున్న కడ్డీ కొక్కేలకు తగిలిస్తారు. భుజాల వైపు పట్టీకున్న ఉచ్చుల్లో పొట్టిది తగిలిస్తే మనిషి కూర్చున్నట్టు లేస్తాడు, పొడుగుది తగిలిస్తే వెనక్కి వాలతాడు. లిఫ్టు కాళ్లు కుర్చీకి అటూ ఇటూ విప్పారి ఉంటాయి. ఎత్తేటప్పుడు చక్రాలకు బ్రేకు వేయకూడదు. బరువు ఎటు మొగ్గితే అటు లిఫ్టు తనంతట తాను సర్దుకోవాలి. ఒడుపు తెలిసిన నర్సు ఈ పనంతా కబుర్లు చెబుతూనే చేసేస్తుంది.

నర్సులకూ దీని అవసరం ఉంది. చేతులతో రోగిని కదిలించేటప్పుడు సుమారు 16 కిలోలకు మించి బరువు తీసుకోవద్దని 2007లో అమెరికా పరిశోధకుడు థామస్ వాటర్స్ లెక్కగట్టాడు. భారీకాయుల ఒక్క కాలి బరువే దాదాపు అంత ఉంటుంది!

ఇంత పనికొచ్చే యంత్రం డాక్టరు గదిలోకి మాత్రం సరిగా చేరలేదు. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో అమెరికాలోని నాలుగు నగరాల్లో 256 స్పెషలిస్టు క్లినిక్కులకు ఫోన్ చేసి, వీల్‌చైర్లోంచి తనంతట తాను లేవలేని రోగిని చూస్తారా అని అడిగారు. 56 క్లినిక్కులు కుదరదన్నాయి. వాటిలో ఎక్కువ చోట్ల అడ్డు మెట్లు కాదు, రోగిని పరీక్ష బల్ల మీదికి చేర్చే దారి లేకపోవడం. ఎత్తు మార్చే బల్లలుగానీ లిఫ్టుగానీ వాడతామన్నవి 22 మాత్రమే. అందరికంటే ఎక్కువగా కాదన్నది స్త్రీల వైద్యులు. బల్ల ఎక్కించకుండా గర్భాశయ ముఖద్వారం ఎలా చూస్తారు? కూర్చున్నచోట ఏర్పడే ఒత్తిడి పుండును కుర్చీలో కూర్చోబెట్టే ఎలా కనిపెడతారు?

లిఫ్టు ఒకటి కొన్నంత మాత్రాన ఇది తీరదు. ఎత్తిన మనిషి సరిగ్గా బల్ల మీదికి రావాలంటే లిఫ్టు కాళ్లు బల్ల కిందికి దూరాలి. చాలా పరీక్ష బల్లలకు కింద నేలదాకా అరలూ పెట్టెలూ ఉంటాయి. కాళ్లు వాటికి తగిలి ఆగిపోతాయి, మనిషి బల్ల అంచు దగ్గరే వేలాడతాడు. ఆ చిక్కు తీరాలనే 2017లో అమెరికా యాక్సెస్ బోర్డు తన ప్రమాణాల్లో బల్ల అడుగున ఎత్తు 6, వెడల్పు 44, లోతు 36 అంగుళాలు ఖాళీ ఉండాలని రాసింది. అలా కుదరకపోతే లిఫ్టు కాళ్లు బల్ల పీఠానికి అటూ ఇటూ పట్టాలి. సొంతంగా కుర్చీలోంచి బల్లకు జరగగలిగేవారి కోసం బల్ల 17 అంగుళాలకు దిగాలని 2024లో తేల్చారు. అదే ఏడాది అక్కడి న్యాయ, ఆరోగ్య శాఖలు ఈ ప్రమాణాలను తమ నిబంధనల్లోకి తీసుకున్నాయి.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షను, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో అన్ని భాగాలూ అడ్డంకులు లేకుండా ఉండాలంటుంది. గేటు దగ్గర ర్యాంపు కట్టి ఊరుకుంటే ఆ మాట నెరవేరినట్టు కాదు. డాక్టరు గదిలోని బల్ల కూడా ఆసుపత్రిలో భాగమే. బల్లల కొనుగోలు టెండరులో అడుగున ఆరంగుళాల ఖాళీ ఉండాలని ఒక్క వాక్యం రాయడానికి ఖర్చేమీ లేదు.