వైరల్ లోడ్ సున్నా, వైరస్ మాత్రం లోపలే

"హెచ్‌ఐవీకి ఆరేళ్లుగా ఏఆర్‌టీ మాత్రలు వేసుకుంటున్నాను. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ దొరకడం లేదంటున్నారు. ఇంకా మందు ఎందుకండీ?" అని ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ముందు సూటిగా జవాబు: ఆపకండి. ఆపితే చాలామందిలో కొద్ది వారాల్లోనే వైరస్ రక్తంలోకి తిరిగొస్తుంది. అన్నేళ్లూ అది ఎక్కడుందో చెప్పాలంటే టాట్ అనే ప్రొటీను గురించి చెప్పాలి.

హెచ్‌ఐవీ మన సీడీ4 అనే రోగనిరోధక కణంలో దూరి, తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుని, మన క్రోమోజోములో అతుక్కుపోతుంది. అలా అతుక్కున్నదే ప్రోవైరస్. మందులు వైరస్ కొత్త కణాలకు పాకకుండా ఆపుతాయి తప్ప, అతుక్కున్నదాన్ని తాకలేవు.

ఇక్కడ ఉద్దండులే పొరబడ్డారు. మూడేళ్ల దాకా మందులు గట్టిగా వాడితే వైరస్ పూర్తిగా తుడిచిపెట్టుకుపోవచ్చని డేవిడ్ హో, అలన్ పెరెల్సన్ బృందం 1997లో లెక్కగట్టింది. కంటికి చిక్కని స్థావరాలుంటే లెక్క మారుతుందని వాళ్లే రాశారు కానీ, ఆ వాక్యం ఎవరి చెవికీ ఎక్కలేదు. అదే ఏడాది మూడు బృందాలు ఆ స్థావరాన్ని పట్టుకున్నాయి. పాత జబ్బులను గుర్తుంచుకుని ఏళ్ల తరబడి విశ్రాంతిగా తిరిగే సీడీ4 జ్ఞాపక కణాలే ఆ స్థావరం. అలాంటి కణాలు సుమారు పది లక్షలుంటే, లేచి కూర్చోగల వైరస్ ఒకదానిలో ఉంటుంది. వైరస్ దాగిన ఆ కణాలు సగానికి తగ్గడానికే 44 నెలలు, పూర్తిగా పోవడానికి 73 ఏళ్లు పడుతుందని రాబర్ట్ సిలిసియానో 2003లో తేల్చారు. ఆ కణాలు విభజన చెందినప్పుడల్లా ప్రోవైరస్ నకలు కూడా తయారవుతుందని తర్వాత తెలిసింది.

కణం విశ్రాంతిలో ఉంది కాబట్టి వైరసూ నిద్రపోతుందని అందరూ అనుకున్నారు. అందులో నిజముంది, కానీ సగమే. మన కణంలోని పాలిమరేజ్ యంత్రం ప్రోవైరస్‌ను చదవడం మొదలుపెట్టి, సుమారు అరవై అక్షరాల దగ్గరే ఆగిపోతుంది. అప్పటికి తయారైన ఆ కాస్త ఆర్‌ఎన్‌ఏ టార్ అనే ముడిలా మెలిక పడుతుంది. టాట్ వచ్చి ఆ ముడిని పట్టుకుని, పీ-టెఫ్‌బీ అనే సహాయకుణ్ణి వెంట తెస్తే, ఆగిన యంత్రం మళ్లీ కదిలి వైరస్‌ను చివరిదాకా చదివేస్తుంది. మరి ఆ టాట్ ఎక్కడిది? ఆ చివరిదాకా చదివిన ఆర్‌ఎన్‌ఏలోంచే! టాట్ ఉంటేనే టాట్ పుడుతుంది. తడి కట్టెల పొయ్యి ఇలాగే అంటుకుంటుంది: మొదటి మంట పక్క కట్టెను ఆరబెట్టేంత సేపు నిలిస్తే భగ్గుమంటుంది, లేకపోతే పొగతో ఆగిపోతుంది. ఆ మొదటి కొద్ది టాట్ అణువులు పుడతాయా లేదా అన్నది చాలావరకు యాదృచ్ఛికం. ఒకేలాంటి కణాల్లో కొన్నింటిలో వైరస్ రగులుతుంది, కొన్నింటిలో ఆరిపోతుంది. దీన్ని లియోర్ వైన్‌బర్గర్ 2005లో చూపించారు. కణం విశ్రాంతిలోకి జారుకుంటున్నా టాట్ వలయం వైరస్‌ను రగిలిస్తూనే ఉండగలదని 2015లో ఆయన బృందమే నిరూపించింది. అంటే ఈ నిద్ర వైరస్ తన జన్యువుల్లోనే రాసుకున్న ఏర్పాటు. ఈ ఫలితం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దాక్కున్న వైరస్‌ను మందుతో లేపి, అది ఉన్న కణాలను చంపాలనే "లేపి చంపడం" వ్యూహం ఎందుకు తడబడుతోందో దీంతో అర్థమవుతుంది. 2012లో డేవిడ్ మార్గోలిస్ వోరినోస్టాట్ అనే క్యాన్సర్ మందుతో రోగుల్లో నిద్రిస్తున్న వైరస్‌ను కదిలించారు. కదిలింది, కానీ స్థావరం తరగలేదు. ప్రయోగశాలలో మొదటిసారి ఎంత గట్టిగా తట్టినా లేవని కొన్ని ప్రోవైరస్‌లు రెండోసారి తడితే లేస్తున్నాయి. అన్నింటినీ ఒకేసారి లేపే మందు కోసం వెతకడం నా దృష్టిలో తప్పు దారి. టాట్‌నే పట్టుకోవాలి. టాట్‌ను అడ్డుకుని వైరస్‌ను శాశ్వతంగా పడుకోబెట్టాలని సుసానా వాలెంటే ప్రయత్నిస్తున్నారు. ఎలుకల్లో వైరస్ తిరిగి రావడం ఆలస్యమైంది, ఆగలేదు.

క్యాన్సర్‌కు మూలకణ మార్పిడి చేయించుకుని హెచ్‌ఐవీ నుంచి కూడా బయటపడ్డ టిమొథీ బ్రౌన్ లాంటివాళ్లను పత్రికలు పదేపదే చూపిస్తాయి. ప్రాణాపాయమున్న ఆ చికిత్స హెచ్‌ఐవీతో బతుకుతున్న సుమారు 4 కోట్ల మందికి దారి కాదు. మరోవైపు, హైదరాబాద్ కంపెనీలు ప్రపంచానికే ఏఆర్‌టీ మాత్రలు పంపుతున్నాయి కదా, ఇక నయం చేయడమెందుకనే మాట కూడా వింటుంటాను. రోజూ మాత్ర దాచుకుని మింగే మనిషిని అడిగితే ఆ మాట అనరు.

2025లో మెల్‌బోర్న్‌లోని డోహర్టీ సంస్థ నుంచి వచ్చిన వార్త నాకు అందుకే అంత ముఖ్యం. అక్కడివాళ్లు కొవ్వు బుడగల్లో టాట్ ఎంఆర్‌ఎన్‌ఏ పెట్టి, అలాంటి బుడగలను మామూలుగా లోపలికి రానివ్వని విశ్రాంత కణాల్లోకి పంపారు. రోగులు దానం చేసిన కణాల్లో వైరస్ లేచింది. ఆ పని ప్రయోగశాల పాత్రల్లోనే జరిగింది. లేచిన కణాన్ని చంపే ఉపాయాన్ని దానికి ఇంకా జోడించాలి.